సాండ్‌పేపర్ బ్యాట్‌తో ఓడిపోయినా ఇంత తృప్తిగా ఎందుకుంటుంది?

ప్రశ్న: లెస్టర్‌వాసి

మిత్రులందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాను. ఇక్కడి స్థానిక లీగ్‌లో, చెప్పుకోదగ్గది కాని ఒక కింది డివిజన్‌లో, టేబుల్ టెన్నిస్ ఆడుతుంటాను. నా వయసు 43. నన్ను కొంతకాలంగా వేధిస్తున్న ఒక సందేహాన్ని ఇక్కడి అనుభవజ్ఞుల ముందు ఉంచుతున్నాను.

కిందటి నెల ఒక శుక్రవారం సాయంత్రం మా క్లబ్బులో ఎవరి సొంత బ్యాట్ వారు సంచిలోనే ఉంచి, నిర్వాహకులు అట్టపెట్టెలో తెచ్చిపెట్టిన సాండ్‌పేపర్ బ్యాట్లతో ఆడాలని నిర్ణయించారు. చెక్క పలకకు రెండు వైపులా సన్నరకం గరుకు కాగితం అతికించిన బ్యాట్లు అవి. వడ్రంగులు తలుపు రెక్కకు చివరి నునుపు పెట్టడానికి వాడే కాగితానికీ దానికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. రబ్బరు లేదు, స్పాంజి లేదు. పెట్టెలో చెయ్యి పెట్టి ఏది దొరికితే దానితో ఆడాలి. మొదటి బంతి తగలగానే వచ్చిన 'టక్' అన్న శబ్దానికి, ఎవరో బల్ల మీద వేలి కణుపుతో కొట్టారేమోనని పక్కకు తిరిగి చూశాను.

నా ప్రత్యర్థి బస్సు డ్రైవరుగా పనిచేసి విరమించిన 68 ఏళ్ల పెద్దమనిషి. ఆయన మోకాలికి పట్టీ కట్టుకొని ఆడతారు. నేను 15–12, 15–13 తేడాతో ఓడిపోయాను. అంతకు మూడు రోజుల ముందే లీగ్ మ్యాచ్‌లో పదహారేళ్ల కుర్రవాడి చేతిలో 11–4, 11–5, 11–3 తేడాతో ఓడి, ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. శుక్రవారం నాటి ఓటమి తర్వాత మాత్రం కారులో ఇంటికి వస్తూ ఈల వేసుకుంటున్నానని మధ్యదారిలో గాని గమనించలేదు.

కుర్రవాడితో ఆడిన మ్యాచ్‌ను తర్వాత నెమరు వేసుకుంటే, మొత్తం 45 పాయింట్లలో బంతి నాలుగైదు సార్లకు మించి వల దాటినవి పదైనా లేవు. అతని సర్వ్‌ను నేను వలలోకో గాలిలోకో కొట్టడం, అతను తర్వాతి బంతి తీసుకురావడానికి నడవడం, ఇదే ఆట. పెద్దాయనతో ఆడినప్పుడు ఒక్కొక్క పాయింటుకూ ఆయాసం వచ్చింది. నా ప్రశ్న ఇది: ఈ ఆనందం కేవలం కొత్తదనం వల్ల కలిగిందా, లేక ఈ బ్యాట్‌లోనే నిజంగా ఏదైనా ఉందా? ఇది ఎక్కడి నుంచి వచ్చింది? దీనితో తరచుగా ఆడితే నా మామూలు ఆట చెడిపోతుందా?

సమాధానం 1: పాతబ్యాట్ (సికింద్రాబాద్)

అయ్యా, మీ ప్రశ్నలో చివరి భాగానికి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. ఎక్కడి నుంచి వచ్చింది అన్న దానికి మాత్రం నేను కొంత చెప్పగలను, ఎందుకంటే నేను రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బ్యాట్ పట్టిన నాటికి, అంటే మన హైదరాబాద్ ఆటగాడు మీర్ ఖాసిం అలీ 1969లో అర్జున అవార్డు అందుకున్న రోజుల్లో, స్పాంజి లేని బ్యాట్లు ఇంకా అలమరాల్లో ఉండేవి. వాటిని కొత్తగా చేరిన పిల్లల చేతికిచ్చేవారు. నాకూ అటువంటిదే ఇచ్చారు.

ఈ ఆట పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఇంగ్లండ్ సంపన్నుల ఇళ్లలో, భోజనాల బల్ల మీద కాలక్షేపంగా మొదలైంది. తొలినాటి బ్యాట్లు కొన్ని, పొడవైన పిడి ఉన్న చట్రానికి రెండు వైపులా పలుచటి తోలు బిగించి, చిన్న డప్పుల్లా ఉండేవి. బంతి వాటికి తగిలినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టే 'పింగ్ పాంగ్' అన్న పేరు వచ్చిందని చెబుతారు. ఆ పేరును 1901లో అక్కడి ఆటవస్తువుల సంస్థ జాన్ జాక్స్ వారు తమ సొంత గుర్తుగా నమోదు చేసుకున్నారు. తోలు తర్వాత ఉత్త చెక్క, బెరడు, గరుకు కాగితం, బుడిపెల రబ్బరు అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి. పోటీల ఆటగాళ్లు బుడిపెల రబ్బరు వైపు వెళ్లారు. చవకగా దొరికే గరుకు కాగితం బ్యాట్లు ఇళ్లలోనూ క్లబ్బుల వెనక గదుల్లోనూ మిగిలిపోయాయి. కనుక మీరు ఆడినది కొత్త ప్రయోగం కాదు. దాని వయసు ఇంచుమించు ఈ ఆట వయసే.

అసలు మలుపు మన దేశంలోనే జరిగిందన్నది చాలామందికి తెలియదు. 1952లో ప్రపంచ పోటీలు బొంబాయిలో జరిగాయి. జపాన్ జట్టు ప్రపంచ పోటీల్లో పాల్గొనడం అదే మొదటిసారి. ఆ జట్టులో హిరోజి సాతో అనే ఆటగాడు మందపాటి స్పాంజి అతికించిన బ్యాట్‌తో వచ్చాడు. అప్పటికి పెద్ద పెద్ద ఆటగాళ్లందరూ బుడిపెల రబ్బరు బ్యాట్లతో ఆడుతున్నారు. ఎదుటివాడి బ్యాట్ నుంచి వచ్చే శబ్దాన్ని బట్టి బంతి ఎంత గట్టిగా తగిలిందో పసిగట్టడం వారికి అలవాటు. సాతో బ్యాట్ శబ్దమే చెయ్యలేదు. గెలుస్తాడని చాలామంది అనుకున్న అమెరికా ఆటగాడు మార్టీ రీస్మన్ అతని చేతిలో ఓడిపోయాడు. ఫైనల్‌లో హంగరీకి చెందిన యోజెఫ్ కోచియాన్‌ను ఓడించి సాతో ప్రపంచ విజేత అయ్యాడు. మా మేనమామ ఆ రోజుల్లో బొంబాయిలో గుమాస్తాగా ఉండి, టికెట్టు కొని ఆ పోటీలు చూశారు. ఆయన చివరి రోజుల్లో కూడా ఆ ఆట గురించి ఒకే మాట చెప్పేవారు: 'చెవులు మూసుకొని చూస్తున్నట్టు ఉందిరా.'

ఆ తర్వాత ఏడేళ్ల పాటు ఏ బ్యాట్ న్యాయం, ఏది కాదు అన్న రగడ నడిచింది. 1959లో అంతర్జాతీయ సమాఖ్య బ్యాట్ తొడుగుకు కొలతలు నిర్ణయించింది. నేటికీ నిబంధన ఇంచుమించు అదే: స్పాంజి లేని బుడిపెల రబ్బరు అయితే జిగురుతో కలిపి 2 మిల్లీమీటర్లకు మించకూడదు, స్పాంజితో కలిసినది అయితే 4 మిల్లీమీటర్లకు మించకూడదు. ఈ రెండూ కానిది ఏదైనా, గరుకు కాగితం సహా, అధికారిక పోటీల్లో చెల్లదు. మీ లీగ్ మ్యాచ్‌కు పొరపాటున కూడా ఆ బ్యాట్ తీసుకువెళ్లకండి.

ఇక ఆనందం మాట. రీస్మన్ బొంబాయి ఓటమిని ఎన్నటికీ మరిచిపోలేదు, స్పాంజితో రాజీపడనూ లేదు. 1997లో, తన 67వ ఏట, అమెరికా జాతీయ పోటీల్లో స్పాంజి లేని బ్యాట్ల విభాగాన్ని గెలిచాడు. మీ బస్సు డ్రైవరు గారి మోకాలి పట్టీ గురించి చదవగానే నాకు ఆయనే గుర్తుకు వచ్చాడు.

సమాధానం 2: ఘర్షణబలం (లండన్)

నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరును కాబట్టి ఈ విషయాన్ని బ్యాట్ వైపు నుంచి చెబుతాను.

గరుకు కాగితం చూడగానే ఎవరికైనా కలిగే మొదటి అభిప్రాయం, ఇంత గరుకుగా ఉంది కాబట్టి స్పిన్ ఎక్కువగా రావాలి కదా అన్నది. జరిగేది దానికి విరుద్ధం. రబ్బరు బ్యాట్‌ను బంతి తాకినప్పుడు అది స్పాంజిలోకి కొద్దిగా దిగబడుతుంది. అదే క్షణంలో జిగటగా ఉండే పై పొర బంతిని పట్టుకొని, బ్యాట్ విసురుకు అనుగుణంగా పక్కకు సాగుతుంది. సాగిన రబ్బరు మళ్లీ ముడుచుకుంటూ, తనలో దాచుకున్న శక్తిని బంతిని తిప్పడానికి ఖర్చు పెడుతుంది. గరుకు కాగితానికి రాపిడి ఉంది, సాగే గుణం లేదు. బంతి దాని మీద కొద్దిగా రాసుకుంటుంది, దొర్లుతుంది, వెళ్లిపోతుంది. దాచుకున్నదేదీ లేదు గనుక తిరిగి ఇచ్చేదీ లేదు.

ఇందులో ఇంకొక సగం ఉంది, మీ అనుభవానికి సంబంధించినది ఆ సగమే అని నా అభిప్రాయం. ఆ కుర్రవాడి సర్వ్‌ను మీరు వలలోకి కొట్టారంటే, అతను బంతికి ఎక్కించిన స్పిన్‌ను మీ బ్యాట్ మీది రబ్బరే పట్టుకొని, బంతిని మీరు అనుకోని వైపుకు విసిరింది. అంటే మిమ్మల్ని ఓడించింది సగం అతని బ్యాట్ అయితే, సగం మీ చేతిలోని బ్యాటే. గరుకు కాగితం మీదకు అదే సర్వ్ వచ్చి ఉంటే, అందులోని స్పిన్‌లో చాలా భాగానికి పట్టు దొరికేది కాదు; బంతి మీరు చూపిన దిక్కుకే దాదాపుగా వెళ్లేది. సర్వ్ చేసేవాడికి కూడా మొదట్లోనే అంత స్పిన్ ఎక్కించే సాధనం ఉండదు. ఈ రెండూ కలిసినందువల్ల సర్వ్ అన్నది పాయింటును ముగించే ఆయుధంగా కాకుండా, పాయింటును మొదలుపెట్టే పనిగా మిగులుతుంది.

దానితో భారం వేరే చోట పడుతుంది. రబ్బరుతో గట్టి లూప్ (బంతిని కింద నుంచి పైకి రాస్తూ కొట్టే దెబ్బ) కొట్టినప్పుడు టాప్‌స్పిన్, అంటే బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరగడం, బంతిని కిందికి లాగి టేబుల్ మీద దింపుతుంది. గరుకు కాగితంతో కొట్టిన బంతికి ఆ సాయం చాలా తక్కువ. బలంగా కొడితే బంతి వలకు ఎంత ఎత్తులో వెళ్లాలి, ఎంత చదునుగా వెళ్లాలి అన్న లెక్క అంతా కొట్టేవాడిదే. టేబుల్ పొడవు 2.74 మీటర్లు, వల ఎత్తు 15.25 సెంటీమీటర్లు, స్పిన్ సాయం లేకుండా వేగంగా కొట్టిన బంతిని ఆ రెండింటి మధ్య దింపడానికి మిగిలే సందు చాలా ఇరుకు. కనుకనే ఒక్క దెబ్బతో పాయింటు ముగించడం కష్టమవుతుంది, ఎదుటివాడిని ఒక మూలకు, మళ్లీ ఇంకొక మూలకు తిప్పి, అతను ఒక అడుగు ఆలస్యమైనప్పుడే కొట్టవలసి వస్తుంది. మీకు ఆయాసం వచ్చింది అందువల్లనే. పెద్దాయన మోకాలి నొప్పితోనే గెలిచారంటే, ఆయన మీ చేత అడుగులు వేయించి తాను నిలబడి ఉంటారు.

ఈ బ్యాట్లకు పెద్ద వేదిక కూడా మీకు దగ్గరలోనే ఉండేది. లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో 2013 నుంచి కొన్నేళ్ల పాటు ప్రతి జనవరిలో 'వరల్డ్ చాంపియన్‌షిప్ ఆఫ్ పింగ్ పాంగ్' జరిగింది. డార్ట్స్, స్నూకర్ ఆటలను టీవీ ముందుకు తెచ్చిన బ్యారీ హర్న్ సంస్థే దీనినీ నిర్వహించింది. మొత్తం బహుమతి లక్ష డాలర్లు. బ్యాట్లను నిర్వాహకులే ఇచ్చేవారు, అందరికీ ఒకే రకం. గేమ్ 15 పాయింట్లకు. 14–14 వచ్చిందంటే తర్వాతి పాయింటుతో ముగిసేది. ఆటగాడు మ్యాచ్‌లో ఒక్కసారి 'డబుల్ పాయింట్' కోరుకునే వీలుండేది. అప్పుడు వేరే రంగు బంతిని ఇచ్చేవారు, గెలిస్తే ఒకటికి రెండు. ఈ చివరిది నాకు తిరునాళ్ల తంతులా అనిపిస్తుంది గాని, గ్యాలరీలోని జనం దానికే ఎక్కువగా కేకలు వేసేవారు. తొలి ఏళ్లలో రష్యాకు చెందిన మాక్సిమ్ ష్మిరెవ్ గెలిచాడు; తర్వాత ఇంగ్లండ్‌కు చెందిన ఆండ్రూ బ్యాగలీ 2015, 2016, 2019, 2020లలో, మొత్తం నాలుగు సార్లు గెలిచాడు. బ్యాగలీ మామూలు రబ్బరు ఆటలో దేశానికి ఆడినవాడు. అంటే గరుకు కాగితం నైపుణ్యాన్ని చెరిపి అందరినీ సమానం చేస్తుందన్న మాట నిజం కాదు. మంచి ఆటగాడు దీనితోనూ మంచి ఆటగాడే. కాకపోతే అతను ఎందుకు మంచివాడో చూసేవాడికి కూడా కనిపిస్తుంది.

సమాధానం 3: దావోలో తెలుగమ్మాయి

అందరికీ నమస్కారం. నేను ఫిలిప్పీన్స్‌లోని దావో నగరంలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. పైన అందరూ దీనిని పాతకాలపు వస్తువులా చెబుతుంటే నాకు కొంచెం ఆశ్చర్యంగా ఉంది, ఎందుకంటే ఇక్కడ ఇది నేటి ఆట. గరుకు కాగితాన్ని ఇక్కడివారు 'లిహా' అంటారు. ఆ బ్యాట్‌కూ, ఆ ఆటకూ అదే పేరు.

మా హాస్టల్ వెనక పేటలో బాస్కెట్‌బాల్ కోసం వేసిన రేకుల కప్పు కింద ఒక మూల టేబుల్ ఉంటుంది. దాని ఒక అంచు వాన జల్లుకు ఉబ్బిపోయింది. ఆ అంచు మీద బంతి పడితే ఎలా లేస్తుందో అక్కడి వారందరికీ తెలుసు, నాకు తప్ప. ట్రైసికిల్ (ఇక్కడి ఆటోరిక్షా లాంటిది) నడిపే ఒకాయన పాత బ్యాట్ మీద రబ్బరు ఊడదీసి, హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న కాగితాన్ని పెన్సిలుతో గీసి, కత్తిరించి, నా ముందే అతికించారు. మొత్తం పని అయ్యేసరికి నేను కొనుక్కున్న పకోడీల లాంటి చిరుతిండి ఇంకా చల్లారలేదు.

ఇక్కడ నచ్చినది ఇంకొకటి ఉంది. బలహీనులకు ముందుగానే కొన్ని పాయింట్లు ఇచ్చి ఆడతారు. దానిని 'పార్తీదా' అంటారు. స్పిన్ పెద్దగా లేదు కాబట్టి ఎవరి స్థాయి ఎంతో నాలుగు బంతులకే తేలిపోతుంది, ఎన్ని పాయింట్లు ఇస్తే ఆట బిగువుగా ఉంటుందో చూస్తున్నవారు కూడా చెప్పగలుగుతారు. ఆ బేరం ఒక్కొక్కసారి ఆట కంటే ఎక్కువసేపు సాగుతుంది. పందెం కాసేవారూ ఉంటారు. నేను మాత్రం శీతల పానీయాల వరకే. 15 పాయింట్ల ఆటలో నాకు 7 ఇచ్చి మొదలుపెడితే, నేను 13 వరకు వెళ్లి ఓడిపోతుంటాను. ఇక్కడికి రాకముందు మా ఊళ్లో కోచింగ్‌కు వెళ్లే పిల్లలతో ఆడి 11–1 తేడాతో ఓడిన రోజులు తలచుకుంటే, లెస్టర్‌వాసి గారు ఈల ఎందుకు వేశారో నాకు అర్థమైంది.

సమాధానం 4: బల్లదగ్గర (విజయవాడ)

నేను ఇరవై రెండేళ్లుగా పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. ఇక్కడ అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు గనుక రెండవ వైపు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. కొంచెం కటువుగా ఉంటే మన్నించండి.

లెస్టర్‌వాసి గారూ, ఆ పదహారేళ్ల కుర్రవాడు మీ మీద సర్వ్‌లతో గెలిచాడంటే, ఆ సర్వ్ వెనక రోజుకు గంట చొప్పున, ఒంటరిగా, బుట్టెడు బంతులతో చేసిన సాధన ఉంటుంది. ఆ సర్వ్‌ను చదవడం కూడా ఒక విద్యే. బంతి తగిలే క్షణంలో ఎదుటివాడి మణికట్టు ఎటు తిరిగింది, బ్యాట్ అంచు బంతి కింద నుంచి పోయిందా పక్క నుంచి పోయిందా అన్నది కన్ను పట్టుకోవాలి. అది రానంత మాత్రాన ఆట బాగుండలేదనడం, చదవడం కష్టమైనవాడు బొమ్మల పుస్తకమే అసలైన పుస్తకం అన్నట్టు ఉంటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ ప్రీక్వార్టర్ ఫైనల్ వరకు వెళ్లిందంటే, అటువంటి చదువును చిన్ననాటి నుంచి చదివినందువల్లనే.

ఇక పాత ఆటలో ర్యాలీలు (పాయింటు తేలేదాకా బంతి అటూ ఇటూ సాగడం) అందంగా ఉండేవన్న కథ. స్పాంజి రాకముందు 1936లో ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో పోలండ్ ఆటగాడు ఎర్లిక్, రుమేనియా ఆటగాడు పానెత్ ఒక్క పాయింటును రెండు గంటలకు పైగా ఆడారు. ఇద్దరూ బంతిని నెట్టడమే, ఎవరూ కొట్టలేదు. ఆ మరుసటి ఏడు ఆస్ట్రియాలోని బాడెన్‌లో మహిళల ఫైనల్ నిర్ణీత సమయంలో తేలకపోతే ఆడినవారిద్దరినీ అనర్హులుగా ప్రకటించి, ఆ ఏటికి విజేత లేదన్నారు. వారిద్దరినీ సంయుక్త విజేతలుగా గుర్తించడానికి 2001 దాకా పట్టింది. వల ఎత్తు తగ్గించి నేటి 15.25 సెంటీమీటర్లకు తెచ్చింది ఆ జాగారం భరించలేకనే. స్పిన్ తగ్గితే ఆట దానంతట అదే రసవత్తరం కాదు. ఒక్కొక్కసారి నిద్ర వస్తుంది.

మీ మూడవ ప్రశ్నకు సమాధానం. నెలకు ఒకసారి అయితే మీ ఆటకు ఏమీ కాదు. వారానికి రెండు మూడు సార్లు అయితే మాత్రం చెయ్యి బంతిని పైకి రాసే అలవాటు మాని, తిన్నగా నెట్టడం నేర్చుకుంటుంది. తిరిగి రబ్బరు పట్టుకున్నప్పుడు మొదటి పావుగంట బంతులన్నీ టేబుల్ దాటి పోతాయి, ఎందుకంటే స్పాంజి ఎగదోస్తుందన్న సంగతి చెయ్యి మరిచిపోయి ఉంటుంది. పెద్దలకు అది సర్దుకుంటుంది. పన్నెండేళ్ల లోపు పిల్లల చేతికి మాత్రం దీనిని ఇవ్వకండి. వారి ఫోర్‌హ్యాండ్ ఒకసారి చదునైపోతే దానిని సరిచెయ్యడానికి నాకు ఏడాది పడుతుంది.

ఒక్క విషయంలో నేను మీ పక్షమే. ఈ రోజుల్లో మంచి రబ్బరు ఒక్క వైపుకు వేల రూపాయలు అవుతోంది, గట్టిగా సాధన చేసే పిల్లవాడికి అది కొద్ది నెలల్లో అరిగిపోతుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఎవరి బ్యాట్ కొత్తదో, ఎవరిది అరిగినదో ఇంటి పరిస్థితిని బట్టి చెప్పవచ్చు. గరుకు కాగితంలో ఆ తేడా లేదు. అది చిన్న విషయం కాదు.

సమాధానం 5: పాతబ్యాట్ (సికింద్రాబాద్)

విజయవాడ మాస్టారు గారు చెప్పిన ప్రాగ్ సంగతి నిజమే, ఆ జాగారం నిజమే. అయితే వారిద్దరి చేతుల్లోనూ ఉన్నది బుడిపెల రబ్బరు. బుడిపెలు కొద్దిగా వంగుతాయి గనుక చాప్‌లో, అంటే బంతిని పై నుంచి కిందికి కోసినట్టు కొట్టే దెబ్బలో, కోత ఉంటుంది. వెనక్కు నిలబడి ఎంతసేపైనా కోసి పంపవచ్చు. గరుకు కాగితానికి ఆ కోత చాలదు. చాప్ చేసిన బంతి కింద పడి ఆగకుండా తేలుతూ వస్తుంది, ఎదుటివాడు దానిని దంచేస్తాడు. అందువల్ల ఈ బ్యాట్‌తో గంటల తరబడి తప్పించుకోవడం సాధ్యం కాదు. ఎప్పుడో ఒకప్పుడు ముందుకు వచ్చి కొట్టక తప్పదు. నెట్టడానికీ కొట్టడానికీ మధ్య ఆ సమయం ఎప్పుడన్నదే ఇందులో ఉన్న రుచి అని నేను అనుకుంటాను.

చదవడం గురించి మాస్టారు అన్న మాటతో నాకు పేచీ లేదు, చిన్న సవరణ ఉంది. రబ్బరు ఆటలో చదవవలసింది ఎదుటివాడు ఏం దాచాడన్నది. ఇందులో దాచడానికి ఏమీ లేదు. అతను ఎటు కొట్టాలనుకుంటున్నాడన్నదే చదవాలి. అది కళ్లలో, భుజంలో, నిలబడిన తీరులో ఉంటుంది. నేను 74 ఏళ్ల వయసులో కూడా ఆ లిపి చదవగలుగుతున్నాను. మొదటి లిపి మాత్రం నా కంటికి అందనంత వేగమైపోయింది.

దావో నుంచి రాసిన అమ్మా, ఆ ఉబ్బిన అంచు సంగతి చదివి చాలా నవ్వుకున్నాను. మా ఇన్‌స్టిట్యూట్ టేబుల్‌కు కూడా ఒక మూల పగులు ఉండేది. దాని మీదకు ఎవరు గురిచూసి కొట్టగలిగితే వారే మాకు గురువులు.

ప్రశ్న అడిగినవారి జవాబు: లెస్టర్‌వాసి

అందరికీ కృతజ్ఞతలు. విజయవాడ మాస్టారు గారి మాటలు కటువుగా ఉన్నా నిజమనిపించాయి. కిందటి వారం నుంచి ఇంట్లో అద్దం ముందు నిలబడి, ఆ కుర్రవాడు చేసే సర్వ్‌ను అనుకరిస్తూ మణికట్టు ఎటు తిరుగుతుందో చూసుకుంటున్నాను. మా ఆవిడ ఇదేమి నాట్యమని అడిగింది.

నిన్న మళ్లీ సాండ్‌పేపర్ శుక్రవారం. ఈసారి ఆ కుర్రవాడు కూడా వచ్చాడు. మొదట పెట్టెలోని బ్యాట్‌ను అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రాసి చూసి, ఇది జోకా అన్నట్టు తండ్రి వైపు చూశాడు. తన పేరుమోసిన సర్వ్ మొదటిది చేశాడు; బంతి మామూలుగా వచ్చింది, మామూలుగా తిప్పి పంపాను. రెండవది కూడా అంతే. మూడవ సర్వ్ నుంచి అతను ఊరికే బంతిని అవతలకు వేసి ఆట మొదలుపెట్టడం నేర్చుకున్నాడు. మధ్యలో ఒక ర్యాలీ ఎంత సాగిందంటే, పక్క టేబుల్ వారు తమ బంతిని చేతిలో పట్టుకొని మా వైపు తిరిగారు. చివరికి అతనే 15–11, 15–9 తేడాతో గెలిచాడు. కాళ్లలో చురుకుదనం ఉన్నవాడు, పదహారేళ్లవాడు, గెలవకుండా ఎలా ఉంటాడు? అయితే ఈసారి నేను పోగొట్టుకున్న ప్రతి పాయింటూ ఎందుకు పోయిందో నాకు తెలుసు. రెండు నాకు గుర్తున్నంత స్పష్టంగా చెప్పగలను: ఒకదానికి కుడి మూలకు ఆలస్యంగా కదిలాను, ఇంకొకదానికి తొందరపడి వల మీద కొట్టాను. లీగ్ మ్యాచ్‌లో ఓడిన 33 పాయింట్లలో ఒక్కదానికైనా ఇలా కారణం చెప్పలేకపోయాను. నాకు నిద్ర పట్టకపోవడానికి ఓటమి కారణం కాదని, ఎందుకు ఓడానో తెలియకపోవడమే కారణమని ఇప్పుడు అనిపిస్తోంది.

తర్వాత అతను బస్సు డ్రైవరు గారితో ఆడి, రెండు గేములూ ఓడిపోయాడు. ఆయన నిలబడిన చోటి నుంచి రెండడుగులకు మించి కదిలినట్టు నాకు కనిపించలేదు. ఘర్షణబలం గారు ఊహించింది అక్షరాలా నిజం.

చివరగా ఘర్షణబలం గారికి, దావో అమ్మాయికి ఒక చిన్న ప్రశ్న. ఇంట్లో సాధన కోసం నేనే ఒక బ్యాట్ తయారు చేసుకుందామని, హార్డ్‌వేర్ దుకాణం నుంచి తెచ్చిన 80 నంబరు కాగితం అతికించాను. అరగంట ఆడేసరికి బంతి మీద అచ్చువేసిన అక్షరాలన్నీ చెరిగిపోయి, బంతికి నూగు లేచి, బ్యాట్ అంతా తెల్లటి పొడి పేరుకుంది. పాత పళ్లబ్రష్‌తో దులిపినా పోవడం లేదు. ఈసారి 400 నంబరు తెచ్చి పెట్టాను గాని, చేతితో తడిమితే మరీ నున్నగా ఉన్నట్టు ఉంది. మీలో ఎవరైనా సొంతంగా అతికించినవారు ఉంటే ఏ నంబరు వాడారో, జిగురు ఏది పెట్టారో దయచేసి చెప్పగలరు.